తడిసిన బస్సులు, పొడి బస్సులు

"మీరు రేడియోలో పనిచేశారటగా?" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. రేడియో లేదు, నా మొహం లేదు. హిందూపురం బస్టాండులో, సైకిల్ స్టాండు పక్కన, గాలాడని ఒక గది. అందులో ఒక ఆంప్లిఫయరు, ఒక మైకు, పాటల ప్లేట్లు తిప్పే పెట్టె. గది కప్పు మీదా, ప్లాట్‌ఫారం స్తంభాలకూ రేకు గొట్టాలు. ఏ బస్సు వచ్చింది, ఏది పోతోంది చెప్పాలి. మధ్యలో బట్టల కొట్ల ప్రకటనలు చదవాలి. సందు దొరికితే పాట వేయాలి. అదీ నా ఉద్యోగం. జనం మాత్రం దాన్ని రేడియో అన్నారు, నన్ను రేడియోమ్మ అన్నారు. కాదని ఎంతమందికని చెప్పను? కనీసం మా నాయనకైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది అని ఇప్పుడు అనుకుంటే ఏం లాభం?

మాది పరిగి దగ్గర ఒక పల్లె. మాకు సెంటు భూమి లేదు. నాయనకు గొర్రెల మంద ఉండేది, అదే మా తిండి, అదే మా గుడ్డ. చుట్టుపక్కల మేత ఉన్నన్నాళ్లు ఊళ్లో ఉండేవాడు. మేత అయిపోతే మంద తోలుకుని ఎక్కడ వాన పడితే అక్కడికి పోయేవాడు. వాన పడిన వారం పది రోజులకు గరిక మొలుస్తుంది. ఆ గరిక మీదికి మంద చేరితే ఆ ఏడు బతికినట్టు. వాన పడని దిక్కుకు తోలితే మాత్రం దారిలోనే సగం పోతాయి. కాబట్టి గొర్రెలు పెంచేవాడికి తన ఊళ్లో వాన పడిందా లేదా అన్నదానికంటే ఎక్కడ పడింది అన్నదే ముఖ్యం.

డెబ్బయ్యో దశకం సగం దాటాక, పదో తరగతి అయి నేను ఇంట్లో కూర్చున్న రోజుల్లో, మా ఊరి జాతరకు మైకుసెట్టు కట్టడానికి హిందూపురం నుంచి ఒకాయన వచ్చాడు. చందాలిచ్చిన వాళ్ల పేర్లు మైకులో చదివే పని నా నెత్తిన పెట్టారు. చదివాను. ఆయన బీడీ పక్కన పడేసి నా దగ్గరకు వచ్చాడు.

"గొంతు బాగుండాదే. కన్నడ వస్తాదా?"

"వస్తాది."

"బస్టాండులో సౌండు కాంట్రాక్టు నాకే వచ్చిండాది. మడకశిర దిక్కు జనాలకు కన్నడలో చెప్పల్ల. వస్తావా పనికి?"

అమ్మ మూడు దినాలు మాట్లాడలేదు. ఆడపిల్ల బస్టాండులో కూర్చుంటే నలుగురూ ఏమంటారని ఆమె బాధ. నాయన ఒక్క మాటతో తేల్చేశాడు. "గొర్రెల ఎంట తిరిగి ఏం బాగుపడ్తాది? నీడపట్టున కూచునే పని. పోనీ." నన్ను మొదటి రోజు బస్సెక్కించి, బస్టాండు దాకా వచ్చి, ఆ గదిని చూసి, గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. గుళ్లోకి వచ్చినట్టు. నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

ఆ కాంట్రాక్టరుకు పెద్ద పెద్ద మాటలంటే పిచ్చి. గదిని స్టేషన్ అనేవాడు. నేను బస్సుల వేళలు చదివితే ప్రోగ్రాం అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరి మాటా రెండో వాక్యం దాకా వినడు, అంతే.

నాయన హిందూపురం సంతకు వచ్చినప్పుడల్లా పని చూసుకున్నాక బస్టాండుకు వచ్చేవాడు. నా కోసం అనుకునేదాన్ని. కాదు. భుజాన గొంగడి వేసుకుని, వచ్చిన ప్రతి బస్సు డ్రైవరు దగ్గరికీ పోయి అడిగేవాడు. "అప్పా, దావలో యాడన్నా వాన తగిలిందా?" ఆయనొక్కడే కాదు, గొర్రెలున్న ప్రతివాడూ అదే పని. డ్రైవర్లు విసుక్కునేవాళ్లు. ఎండలో బండి తోలి వచ్చిన మనిషికి టీ చుక్క నోట పడకముందే నలుగురు వాన గురించి అడిగితే విసుగు రాదా? ఒకరోజు ఒక డ్రైవరు "పోవయ్యా, నాకేమన్నా వాన ఆఫీసుండాదా?" అని నాయనను కసిరాడు. గది కిటికీలోంచి చూశాను. నాయన పక్కకు జరిగి, బస్సు వెనక నిచ్చెన ఎక్కి, టాపు మీద మూటల మీద కప్పిన టార్పాలిన్‌ను చేత్తో తడిమాడు.

ఆ మధ్యాహ్నమే టీ కొట్టాయనతో ఆ డ్రైవరుకు టీ పంపి, నేనే పోయి అడిగాను. వచ్చి మైకులో చెప్పాను: "మడకశిర నుంచి వచ్చిన బస్సు తడిసి వచ్చింది. ఊరు దాటినాక వాన తగిలిందంట. పెనుకొండ బస్సు పొడిగా వచ్చింది." బస్టాండులో కొందరు నవ్వారు. ప్లాట్‌ఫారం చివర గొంగళ్లు వేసుకున్న వాళ్లు నవ్వలేదు.

అలా మొదలైంది తడి-పొడి. రోజూ సాయంత్రం, ఆఖరి మూడు నాలుగు బస్సులు వచ్చేముందు చెప్పేదాన్ని. అసలు రేడియోలో వాన కబురు రాదా అంటే వచ్చేది. రాయలసీమలో అక్కడక్కడ జల్లులు అనేవాళ్లు. ఆ అక్కడక్కడ ఎక్కడో చెప్పి చావరు! నేను ఊరు పేరుతో సహా చెప్పేదాన్ని. టాపు చూసేదాన్ని, చక్రాల బురద చూసేదాన్ని, వాన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో డ్రైవరును అడిగేదాన్ని. కొన్నాళ్లకు డ్రైవర్లే కిటికీ దగ్గరకు వచ్చి చెప్పిపోయేవాళ్లు. "రేడియోమ్మా, రాసుకో, ఈ పొద్దు మోకాళ్ల దాకా నీళ్లు." నేను ఒకటే పట్టు పట్టాను. పడిన వాన చెప్తాను, పడబోయే వాన చెప్పను. ఎందరో బతిమాలారు, రేపు పడతాదని ఒక్క మాట అనమ్మా, నీ నోటి చలవ అని. ససేమిరా అన్నాను.

చాలామంది ఆ ఒక్క ముక్క విని, బస్సు కూడా ఎక్కకుండా నడిచి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లను చూస్తే నాకు గర్వంగా ఉండేది. దాచుకోవడం దేనికి, నా జీవితంలో ఆ నాలుగైదేళ్లే నేను తలెత్తుకుని తిరిగాను.

తరువాత కాంట్రాక్టరుకు పెనుకొండ బస్టాండు కూడా దక్కింది. కొన్నాళ్లు నేను వారంలో సగం అక్కడ, సగం ఇక్కడ. పెనుకొండలో కొండ మీది నుంచి గాలి దిగిందంటే మైకులో నా మాట కంటే దాని ఊళే ఎక్కువ. బెంగళూరు బస్సులు లోపలికి రాకుండా రోడ్డు మీదే జనాన్ని దింపి పారిపోయేవి. లేని బస్సుకు స్వాగతం చెప్పి నాలుక కరుచుకున్న రోజులు ఉన్నాయి. ఆఫీసుల గుమాస్తాలు పాట వేయమని అడిగేవాళ్లు, తడి-పొడి వాళ్లకు పట్టదు. అయినా మానలేదు.

ఎనభైలలోకి వచ్చాక ఒక ఏడు వాన బాగా పడింది. చెరువులు నిండాయి. సరిగ్గా ఆ ఏడే కాంట్రాక్టరు బెంగళూరు నుంచి టేప్ రికార్డరు తెచ్చాడు. నన్ను కూర్చోబెట్టి బస్సుల వేళలు, ప్రకటనలు, తడి-పొడి కూడా కొన్ని రోజులవి రికార్డు చేశాడు. మళ్లీ వినిపిస్తే ఛీ, నా గొంతు ఇట్లుంటుందా అనుకున్నాను. ఆయన వాటిని తీసుకుపోయి ఒక బట్టల కొట్టు యజమానికి వినిపించాడు. ఆ కొట్టాయన మురిసిపోయి, తడి-పొడికి ముందూ వెనకా తన కొట్టు పేరు రావాలని ఏడాదికి సరిపడా ఒప్పందం చేసుకున్నాడు.

ఆ మరుసటి ఏడు కాంట్రాక్టరుకు ధర్మవరం బస్టాండు వచ్చింది. నన్ను పిలిచి, ఇకనుంచి నువ్వు అక్కడ స్టేషన్ మేనేజర్‌వి అన్నాడు. తలుపు మీద రేకు బోర్డు కూడా రాయించాడు. నేను గాల్లో తేలాను. తీరా పోయి చూస్తే స్టేషన్‌లో నేనూ, ఒక బల్లా, ఒక చీపురూ. మేనేజరూ నేనే, ఊడ్చేదీ నేనే. అయినా బోర్డు చూసుకుంటే బాగానే ఉండేది. ఊళ్లో నాయన అందరికీ చెప్పుకున్నాడట. "మా పాప మేనేజరైంది. ఇంక మూడూళ్లకూ ఒకేసారి మాట్లాడతాది." అమ్మ నవ్వుతూ ఈ మాట చెబితే నేనూ నవ్వాను. పోనీలే, మురిసిపోనీ అనుకున్నాను.

కాంట్రాక్టరు నాతోపాటు క్యాసెట్లు కూడా పంపాడు. "ఊరికే గొంతు చించుకోవద్దు. ఇయ్యి ఏసేసి గమ్మున కూచో." బస్సుల వేళలకు, ప్రకటనలకు వాడుకున్నాను. తడి-పొడి మాత్రం రోజూ బస్సుల దగ్గరకు పోయి నేనే చెప్పేదాన్ని. పోయినేటి వాన ఈ ఏడు చెప్పడమేమిటి, ఎవరైనా చెబుతారా?

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. ధర్మవరంలో మగ్గాల సందుల్లో కూడా వాన మాటే. రోజూ సాయంత్రం మైకు ముందు కూర్చుని పొడి, పొడి, పొడి అని చెప్పి చెప్పి నా నోరే ఎండిపోయేది. పరిగి దిక్కు మేత పూర్తిగా అయిపోయిందని, నాయన చెట్ల కొమ్మలు నరికి మందకు వేస్తున్నాడని కండక్టరుతో అమ్మ కబురు పంపింది. ఇంక తోలుకుని పోక తప్పదు, ఎటు పోవాలన్నదే తెలియడం లేదంది.

ఒకరోజు పెనుకొండ నుంచి వచ్చిన బస్సు టాపు మీది నుంచి నీళ్లు కారుతూ వచ్చింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. పెనుకొండ కొండల కింద రెండు గంటలపాటు కుమ్మేసిందన్నాడు డ్రైవరు. మర్నాడు కూడా తడిసే వచ్చింది. రెండు రోజులూ మైకులో రెండేసి సార్లు చెప్పాను. మా పల్లె నుంచి పెనుకొండ కొండల అంచుకు మంద ఒక రోజులో చేరుతుంది. హిందూపురంలోనూ ఇదే చెబుతుంటారు, నాయన వినే ఉంటాడు, ఈపాటికి మంద కదిలే ఉంటుంది అనుకున్నాను. ఎన్నాళ్లకో ఆ పూట కడుపునిండా తిన్నాను.

కొన్ని వారాల తరువాత హిందూపురం బస్సు కండక్టరు కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. నా మొహం చూడలేదు. "అమ్మా, మీ నాయన మంద పోయిందంట. మనిషి ఒక్కడే వచ్చినాడంట ఊరికి. మీయమ్మ నిన్ను రమ్మనె."

గదికి తాళం వేసి అదే బస్సులో కూర్చున్నాను. హిందూపురంలో దిగేసరికి సాయంత్రమైంది. మా ఊరి బస్సు కోసం నిలబడ్డాను. స్తంభం మీది గొట్టంలోంచి బట్టల కొట్టు పేరు వినబడింది. వెంటనే నా గొంతు. "మడకశిర నుంచి వచ్చిన బస్సు తడిసి వచ్చింది. రొళ్ల దాకా మంచి వాన." నా ఎదురుగానే మడకశిర బస్సు వచ్చి ఆగింది. దుమ్ము కొట్టుకుపోయి అద్దాలు కూడా కనబడటం లేదు.

టీ కొట్టాయన నన్ను చూసి బల్ల మీద కూర్చోబెట్టాడు.

"ఎన్నాళ్ల నుంచి ఏస్తాండారన్నా ఇది?"

"నువ్వు పోయినప్పట్నించీ. కొట్టాయప్ప దుడ్లిచ్చినాడు గదా, ఏసితీరల్ల. గదిలో ఉండేటోడు బటన్ నొక్కి బీడీ తాగను పోతాడు. ఈడ అందరికీ తెలుసులేమ్మా పాత క్యాసెట్టని. గొర్రెలోళ్లు గూడా ఇప్పుడు టాపు జూసుకుని పోతాండారు."

"మా నాయన?"

ఆయన గ్లాసులు కడగడం ఆపాడు. "చెప్తిమమ్మా. క్యాసెట్టప్పా అది, నమ్మొద్దంటే, మా పాప ధర్మవరం నుంచి చెప్తాంది, మీకేం తెలుసని కోపం చేసుకునె. ఆ రోజే పాయె మడకశిర దిక్కు."

కాంట్రాక్టరు ఇంటికి పోయాను. ఏమన్నానో నాకే గుర్తులేదు, నోటికి ఎంత మాట వస్తే అంత మాట అన్నాను. ఆయన భార్య బయటికి వచ్చి చూసింది. ఆయనకు కోపం కూడా రాలేదు, అదే నాకు ఇంకా మంట. "నీ గొంతే కదమ్మా? నువ్వు చెప్పిందే కదా? ఆ పొద్దు బస్సు తడిసే వచ్చె కదా? ఇందులో అబద్ధమేముండాది?" అన్నాడు. ఎవరికీ ఎవరినీ ముంచాలని లేదు. ఒప్పందం ఉంది, క్యాసెట్ ఉంది, వేశారు. తిట్టడానికి సరైన మనిషి కూడా దొరకలేదు నాకు.

ఇంటికి చేరేసరికి నాయన దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గోడకు ఇవతల ఒక్క గొర్రె లేదు. మడకశిర దాటి రొళ్ల కొండల దాకా పోయాడట. పచ్చని పోచ లేదు. వెనక్కి మళ్లితే దారిలో మేత లేదు. గొర్రెపిల్లలు ముందు పోయాయి. పిల్లల్ని రోడ్డు పక్కన వదిలి వస్తుంటే తల్లులు కదల్లేదట. నిలబడగలిగినవాటిని మడకశిరలో కసాయివాళ్లు అడిగిన ధరకు ఇచ్చేసి నడిచి వచ్చాడు. ఇదంతా అమ్మ చెప్పింది. ఆయన నన్ను దగ్గరకు పిలిచి తల మీద చెయ్యి పెట్టాడు.

"ఏడవొద్దు పాపా. వాన నీ చేతిలో ఉంటాదా? నువ్వు చెప్పినావంటే యాడో పడే ఉంటాది. నేను పొయ్యేతలికి ఎండిపోయుంటాది. నీ తప్పేం లేదు."

"నాయనా, అది నేను చెప్పింది కాదు. పోయినేటి క్యాసెట్టు."

"నీ గొంతు నాకు తెలీదా?" అని నవ్వాడు. నా భయం కొద్దీ నేను బొంకుతున్నానని అనుకున్నాడు. మా పల్లెలో మందలు దక్కించుకున్న ఇంకో రెండు ఇళ్లవాళ్లు గుమ్మాల్లో నిలబడి నన్నే చూస్తున్నారు. వాళ్ల చూపులో ఉన్నది కోపమో జాలో నాకు తెలియలేదు.

మంద పోయాక ఇంట్లోకి వచ్చేది నా జీతమొక్కటే. ఆ కాంట్రాక్టరు మొహాన ఉద్యోగం కొట్టి రావాలని ఎంత ఉన్నా, రాలేను. మర్నాడే ధర్మవరం బయలుదేరాను. నాయన కూడా వచ్చాడు. మగ్గాల దగ్గర ఏదైనా మోత పని దొరుకుతుందేమో చూస్తానన్నాడు. ఆ వయసులో ఎవరిస్తారు? రెండు సందులు తిరిగి వచ్చి నా గది గుమ్మం బయట చెప్పులు విడిచాడు. లోపలికి రమ్మని, కుర్చీలో కూర్చోబెట్టి, కాంట్రాక్టరు నాతో పంపిన తడి-పొడి క్యాసెట్ పెట్టాను. మైకు ఆపేశాను. నా నోరు మూసుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

పెట్టెలోంచి నా గొంతు వచ్చింది. నాయన నా మొహం చూశాడు, పెట్టెను చూశాడు, మళ్లీ నా పెదాలు చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. తరువాత మెల్లగా అడిగాడు.

"అయితే ఆ దినాల్లో నువ్వు ఈడ్నుంచి ఏం చెప్తివి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నాయన కళ్లలోకి చూస్తే నోరు రాలేదు. "పెనుకొండ బస్సు తడిసి వచ్చిందని చెప్పినా నాయనా. రెండు దినాలు వరసగా."

"పెనుకొండ," అన్నాడు. "ఒగ దినం దావ."

బయట అనంతపురం బస్సు వచ్చి హారన్ కొడుతోంది. నేను పోయి చెప్పలేదు. ఎక్కేవాళ్లే ఎక్కుతారు. నాయన గొంగడి భుజం మీద సర్దుకుని, "ఇంగోసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. మడకశిర బస్సు తడిసి వచ్చింది, రొళ్ల దాకా మంచి వాన. అయిపోయాక తల ఆడించాడు.

"ఎంత బాగా చెప్పినావు పాపా. ఇట్ల చెప్తే ఎవురైనా పోతారు. నేనొక్కన్నే కాదు, ఎవురైనా పోతారు."

ఎవరూ పోలేదని నాకు తెలుసు. అవును నాయనా అన్నాను.